సొంతంగా స్పోర్ట్స్ కారు తయారు చేసుకుంటే రోడ్డెక్కనిస్తారా? కిట్ కారు కొనాలన్నా, మార్చాలన్నా ముందు తెలుసుకోవాల్సినవి ఇవే..

కమ్మర్‌పల్లి: పేరులోనే కమ్మరి ఉన్న ఊరు ఇది. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి వెళ్లే 63వ నంబర్ జాతీయ రహదారి మీద ఉంటుంది. చుట్టూ పసుపు పండే ఊళ్లే. సీజన్ వచ్చిందంటే ఇటువైపు వెల్డింగ్ షాపుల్లో తీరిక ఉండదు. పసుపు ఉడికించే బాయిలర్లు, పాలిష్ డ్రమ్ములు, ట్రాక్టర్ ట్రాలీలు అన్నీ అక్కడికే వస్తాయి. పైపు కోయడం, అతకడం, లేత్ మిషన్ మీద షాఫ్ట్ తిప్పడం ఇక్కడి పనివాళ్లకు చేతిలో ఉన్న విద్య.

అందుకే యూట్యూబ్‌లో చిన్న స్పోర్ట్స్ కార్ల వీడియోలు చూసిన కుర్రాళ్లకు ఓ డౌట్ రావడం సహజం. నాలుగు పైపులు, ఓ పాత మారుతి ఇంజిన్ దొరికితే మనమూ అలాంటి కారు చేసేయొచ్చు కదా అని. చేయడం వరకైతే సాధ్యమే. అసలు చిక్కు దాన్ని రోడ్డు మీదికి తెచ్చినప్పుడు మొదలవుతుంది. లక్షలు పోసి తయారు చేసిన బండి పోలీస్ స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టకుండా ఉండాలంటే కొన్ని విషయాలు ముందే తెలియాలి. కిట్ కారు అంటే ఏంటి? మన చట్టం ఏమంటోంది? ఇప్పటికే అలాంటి కారు ఉన్నవాళ్లు దాన్ని ఎలా చూసుకోవాలి? ఓసారి చూద్దాం.

కిట్ కారు అంటే ఏంటి?

కారును పూర్తిగా బిగించి అమ్మకుండా విడిభాగాలుగా ఇస్తే, కొన్నవాళ్లు ఇంటి దగ్గర బిగించుకునేదే కిట్ కారు. ఫ్రేము, బాడీ ప్యానెళ్లు, సస్పెన్షన్ ఒక కంపెనీవి. ఇంజిన్, గేర్‌బాక్స్ చాలాసార్లు మామూలు కార్ల నుంచి తీసుకున్నవే ఉంటాయి.

ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చిన కారు లోటస్ సెవెన్. బ్రిటన్‌లో కోలిన్ చాప్‌మన్ 1957లో దీన్ని తీసుకొచ్చారు. ఆ రోజుల్లో అక్కడ పూర్తిగా తయారైన కారు కొంటే భారీగా పర్చేజ్ ట్యాక్స్ కట్టాలి. విడిభాగాలుగా కొంటే ఆ పన్ను పడేది కాదు. దాంతో డబ్బులు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్న కుర్రాళ్లు కిట్ల మీద పడ్డారు. 1973లో కేటర్‌హామ్ అనే సంస్థ ఈ కారు హక్కులు తీసుకుంది. సెవెన్ ఇప్పటికీ తయారవుతోంది.

ఇందులో మనకు దగ్గరి విషయం ఒకటుంది. కేటర్‌హామ్ 2021లో తెచ్చిన సెవెన్ 170 మోడల్‌లో ఉన్నది సుజుకీ ఇంజిన్. 660 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో. అంటే సైజులో మన మారుతి 800 ఇంజిన్ కంటే చిన్నది. పవర్ 84 హార్స్‌పవర్. కారు బరువు కేవలం 440 కిలోలు.

బ్రిటన్‌లోనే రాన్ చాంపియన్ అనే వ్యక్తి 1996లో ఓ పుస్తకం రాశారు. పాత కారు ఒకటి కొని, దాని భాగాలతో ఇంట్లోనే స్పోర్ట్స్ కారు ఎలా చేసుకోవాలో అందులో వివరించారు. అప్పటి నుంచి ఇలాంటి కార్లకు లోకాస్ట్ అనే పేరు స్థిరపడిపోయింది.

బరువు తగ్గితే ఏమవుతుంది?

ఈ కార్ల గుట్టంతా బరువులోనే ఉంది. కొత్త మారుతి స్విఫ్ట్ పవర్ దాదాపు 82 హార్స్‌పవర్, బరువు సుమారు 920 కిలోలు. అంటే ఒక్కో హార్స్‌పవర్ 11 కిలోలకు పైగా లాగాలి. సెవెన్ 170లో ఒక్కో హార్స్‌పవర్ లాగేది 5 కిలోల పైచిలుకే. ఇంజిన్ పవర్ ఇంచుమించు అంతే అయినా, పికప్‌లో రెండింటికీ పోలికే ఉండదు.

వేగం ఒక్కటే కాదు. అదే స్పీడులో వెళ్తున్నప్పుడు 500 కిలోల కారులో ఉండే శక్తి, 1,000 కిలోల కారులో ఉండేదాంట్లో సగమే. బ్రేకులు అరగదీయాల్సిన శక్తీ సగమే. బ్రేకులు అంత త్వరగా వేడెక్కవు, టైర్లు త్వరగా అరగవు, మలుపుల్లో బండి చెప్పినట్టు వింటుంది.

మరి అంత తేలికైన ఫ్రేము విరిగిపోదా? పసుపు గోదాము మీద రేకుల షెడ్డును గమనించండి. పైకప్పును మోసే ట్రస్సులో సన్నని యాంగిళ్లే ఉంటాయి. అయినా నిలబడుతుంది. కారణం.. వాటిని త్రికోణాల్లో అతకడమే. చతురస్రాన్ని పక్కనుంచి నెడితే వంగుతుంది, త్రికోణం వంగదు. లోకాస్ట్ తరహా కార్ల ఫ్రేము కూడా ఇదే లెక్క. 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, మందం 1.6 మిల్లీమీటర్లు. దాన్ని త్రికోణాలుగా అల్లుతారు.

ట్రాలీ చేసే అలవాటుతో ఈ పని మొదలుపెడితే రెండు తప్పులు జరుగుతాయి. మొదటిది.. గట్టిగా ఉండాలని మందపాటి ఛానల్ వాడటం. అప్పుడు బరువు పెరిగి, అసలు ఉద్దేశమే పోతుంది. రెండోది.. ట్రాలీకి వాడినట్టే రాడ్డుతో ఆర్క్ వెల్డింగ్ చేయడం. అంత పలుచని పైపుకు ఆర్క్ పెడితే రంధ్రం పడొచ్చు, లేదంటే పైపై అతుకే మిగులుతుంది. ఇక్కడ సీఓటూ వెల్డింగ్ కానీ, టిగ్ వెల్డింగ్ కానీ వాడాలి. పైగా సస్పెన్షన్ బిగించే చోట అతుకు తెగితే చక్రమే పక్కకు పోతుంది.

మన దగ్గర ఎవరు చేశారు?

సొంతంగా కారు చేయడం అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చే పేరు హైదరాబాద్‌కు చెందిన కె. సుధాకర్. బహదూర్‌పురాలో జూపార్క్ దగ్గరున్న సుధా కార్స్ మ్యూజియం ఆయనదే. వంకాయ, బూటు, క్రికెట్ బంతి.. ఇలా ఏ ఆకారం చూసినా కారే. 2005లో ఆయన తయారు చేసిన భారీ ట్రైసైకిల్‌కు గిన్నిస్ రికార్డు కూడా దక్కింది. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. అయితే ఇవి రోజూ రోడ్డు మీద తిరిగే బండ్లు కావు, చూసేందుకు చేసినవి.

రేసింగ్ వైపు చూస్తే కోయంబత్తూరు పేరు చెప్పాలి. అక్కడి లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌తో ఒకే సీటున్న తేలికపాటి రేసు కారు చేశారు. పేరు ఫార్ములా మారుతి. తక్కువ ఖర్చులో కుర్రాళ్లు రేసింగ్ నేర్చుకోవాలన్నది ఆలోచన. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఈ ఫార్ములా మారుతి కార్లతోనే. 1995లో కరివర్ధన్ చనిపోయారు. కోయంబత్తూరులో ఉన్న కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే వచ్చింది.

రోడ్డు కార్ల విషయానికొస్తే రెండు ప్రయత్నాలు గుర్తుంచుకోదగ్గవి. గోవాలో శాన్ మోటార్స్ 1990ల చివర్లో శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల కారు తెచ్చింది. ఫైబర్ గ్లాస్ బాడీ, రెనో కంపెనీ 1,149 సీసీ ఇంజిన్. ఇక మహారాష్ట్రలోని అలీబాగ్‌లో చింకారా మోటార్స్ చేసిన రోడ్‌స్టర్ 1.8ఎస్ చూడటానికి అచ్చం లోటస్ సెవెన్‌లాగే ఉంటుంది. అందులో ఉన్నది అంబాసిడర్ కారుకు వాడిన ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్.

2021 డిసెంబర్‌లో వైరల్ అయిన ఓ వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రేకు చెందిన దత్తాత్రేయ లోహార్ పాత సామాన్లతో ఓ చిన్న జీపు చేశారు. ఖర్చు దాదాపు రూ.60 వేలు. బైకులాగే కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది. ఆనంద్ మహీంద్రా దాన్ని చూసి ముచ్చటపడ్డారు. అదే సమయంలో.. నిబంధనలకు తగ్గట్టు లేదు కాబట్టి ఈ బండిని అధికారులు ఎప్పటికైనా రోడ్డు మీద ఆపేస్తారని కూడా చెప్పారు. దానికి బదులుగా బొలెరో ఇస్తామన్నారు. 2022 జనవరిలో ఇచ్చారు కూడా. మరాఠీలో లోహార్ అంటే కమ్మరి. పనితనానికి అంత మెచ్చుకోలు దక్కినా, ఆ బండికి నంబర్ ప్లేటు మాత్రం రాలేదు. ఎందుకంటే..

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988లో నాలుగు సెక్షన్లు ఇక్కడ ముఖ్యం.

సెక్షన్ 39: రిజిస్ట్రేషన్ లేకుండా ఏ మోటారు వాహనాన్నీ నడపకూడదు. ఇందులో పబ్లిక్ ప్లేస్‌తో పాటు "మరే ఇతర చోటైనా" అనే మాట కూడా ఉంది. కాబట్టి ఊళ్లో గల్లీలోనే నడుపుతా, మా తోటలోనే తిప్పుతా అనడం రక్షణ కాదు. ఫ్యాక్టరీ లేదా మూసి ఉన్న ప్రాంగణంలో మాత్రమే వాడేందుకు ప్రత్యేకంగా చేసిన వాహనాలను మాత్రం మోటారు వాహనం అనే నిర్వచనం నుంచి మినహాయించారు.

సెక్షన్ 192: రిజిస్ట్రేషన్ లేని బండి నడిపితే మొదటిసారి రూ.2 వేల నుంచి రూ.5 వేల వరకు ఫైన్. మళ్లీ దొరికితే రూ.10 వేల వరకు ఫైన్, ఏడాది వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది. దీనికి తోడు సెక్షన్ 207 కింద బండిని సీజ్ చేయొచ్చు.

సెక్షన్ 52: ఇది మోడిఫికేషన్ చేసేవాళ్ల కోసం. తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పాత మారుతి 800 బాడీ కోసేసి రెండు సీట్ల ఓపెన్ కారుగా మారిస్తే అది నేరుగా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకు సంబంధించిన కేసులో ఇదే విషయం తేల్చి చెప్పింది. ఇంజిన్ మార్చాలన్నా ఆర్టీఏ అనుమతి ఉండాల్సిందే. సీఎన్‌జీ కిట్లు, దివ్యాంగుల కోసం చేసే మార్పులు లాంటి వాటికి చట్టంలోనే దారి ఉంది.

సెక్షన్ 182ఏ: అనుమతి లేని మార్పులు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల ఫైన్ లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

మరి కొత్తగా చేసిన కారును రిజిస్టర్ చేయించుకోలేమా అంటే.. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ రూల్ అడ్డొస్తుంది. ఏ మోడల్ అయినా ముందు దాని నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్షించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ ప్రమాణాలు వచ్చాయి. 2019 నుంచి కొత్త కార్లకు ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. క్రాష్ టెస్టులూ ఉన్నాయి. వేల కార్లు అమ్మే కంపెనీకి ఈ ఖర్చు ఓ లెక్క కాదు. ఒకే ఒక్క కారు చేసుకునే వ్యక్తికి మాత్రం మోయలేని భారం.

బ్రిటన్‌లో అయితే సొంతంగా చేసుకున్న ఒక్క కారునైనా పరీక్షించి రోడ్డెక్కనిచ్చే ఐవీఏ అనే పద్ధతి ఉంది. యూట్యూబ్‌లో కనిపించే చాలా కిట్ కార్లు అలా నంబర్ తెచ్చుకున్నవే. అలాంటి సులువైన దారి మన దగ్గర లేదు. వీడియో చూసి మోజు పడేవాళ్లు మర్చిపోయే తేడా ఇదే.

ఇన్సూరెన్స్ మాటేంటి?

ఫైన్ కట్టి బయటపడొచ్చులే అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. రిజిస్ట్రేషన్ లేని బండికి ఇన్సూరెన్స్ ఉండదు. అలాంటి బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం మొత్తం యజమాని మీదే పడుతుంది. కుటుంబాన్ని పోషించే వ్యక్తి చనిపోతే పరిహారం లక్షల్లో ఉంటుంది, కొన్నిసార్లు కోటి దాటుతుంది. ఎకరం పొలం అమ్మినా తీరని అప్పు అది.

రిజిస్ట్రేషన్ ఉండి, చెప్పకుండా మార్పులు చేసిన బండి పరిస్థితీ అంత బాగుండదు. సొంత బండికి జరిగిన నష్టంపై క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీ అభ్యంతరం చెప్పొచ్చు. థర్డ్ పార్టీ కేసుల్లో కొన్నిసార్లు కోర్టులు ముందు బాధితులకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఇన్సూరెన్స్ కంపెనీకి చెబుతాయి.

మరి మోజు తీరే దారి లేదా?

ఉంది. చట్టానికి లోబడి మూడు మార్గాలు కనిపిస్తాయి.

ఒకటి.. ఇప్పటికే రిజిస్ట్రేషన్ అయిన శాన్ స్టార్మ్, చింకారా లాంటి కారును సెకండ్ హ్యాండ్‌లో కొనడం.

రెండు.. ట్రాక్ మీద మాత్రమే నడిపే కారు. రేసు కార్లకు నంబర్ ప్లేటు ఉండదు. అవి ట్రాక్ దాకా ట్రక్కు మీదే వెళ్తాయి, ట్రక్కు మీదే తిరిగొస్తాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఇందుకోసం ఉన్నవే.

మూడు.. ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలకు ఇది అన్నిటికంటే మంచి దారి. బాజా ఎస్‌ఏఈ ఇండియా 2007 నుంచి, సుప్రా ఎస్‌ఏఈ ఇండియా 2011 నుంచి జరుగుతున్నాయి. ఫార్ములా భారత్ పోటీలూ ఉన్నాయి. కాలేజీ టీమ్ సొంతంగా తేలికపాటి రేసు కారు డిజైన్ చేసి, తయారు చేసి, నడిపి చూపించాలి. చాలా టీమ్‌లు కేటీఎం 390 బైకు ఇంజిన్ వాడుతుంటాయి. కారు ట్రాక్ ఎక్కే ముందు ఫ్రేము నుంచి బ్రేకుల దాకా జడ్జిలు తనిఖీ చేస్తారు. వెల్డింగ్ షాపులో నేర్చుకున్న చేతిపనికి ఇక్కడ విలువ ఉంటుంది. ఉద్యోగానికీ పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి?

ముందు చూడాల్సింది బండిని కాదు, ఆర్సీని. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి మేకర్ పేరు, మోడల్, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ సరిపోల్చండి. ఆర్సీలో అంబాసిడర్ అని ఉండి, ఎదురుగా స్పోర్ట్స్ కారు నిలబడి ఉంటే.. ధర ఎంత తక్కువైనా వదిలేయడమే మంచిది. సెక్షన్ 52 కేసు కొత్త యజమాని మెడకే చుట్టుకుంటుంది.

వయసు కూడా చూడాలి. సొంత కార్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి రూ.5 వేలు చేసింది. 20 ఏళ్లు దాటితే రూ.10 వేలు అంటూ 2025 ఆగస్టులో మరోసారి పెంచింది. శాన్ స్టార్మ్‌లలో చాలా వరకు ఈ వయసు దాటినవే. పాతది కాబట్టి వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దాం అంటే కుదరదు. వింటేజ్ హోదాకు 50 ఏళ్లు నిండాలి.

మహారాష్ట్ర, గోవా లాంటి చోట్ల కొన్న బండి అయితే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ తేవాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, నిజామాబాద్ జిల్లా కోడ్ అయిన టీజీ 16తో కొత్త నంబర్ తీసుకోవాలి. ఈ ఖర్చు కూడా కారు ధరలో కలిపి లెక్కేసుకోండి.

స్పేర్ పార్టుల సంగతి మూడోది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఆ ఇంజిన్ తెలిసిన పాత మెకానిక్‌లు ఉన్నారు, పాత సామాన్ల మార్కెట్లో వెతికితే భాగాలు దొరికే అవకాశం ఉంది. శాన్ స్టార్మ్‌లో ఉన్న రెనో ఇంజిన్ మన దేశంలో అరుదు. దానికి విడిభాగాలు వెతుక్కోవడమే పెద్ద పని.

మార్పులు చేయాలంటే ఏది ముందు?

ఆర్సీ వివరాలు మారకుండా చేసుకోగలిగినవి చాలానే ఉన్నాయి. చాలామంది నేరుగా ఇంజిన్ పవర్ మీద పడతారు. తేలికపాటి కారులో అది ఆఖరున చేయాల్సిన పని.

మొదట టైర్లు. కంపెనీ చెప్పిన సైజులోనే మంచి గ్రిప్ ఉన్నవి తీసుకోవాలి. వెడల్పు టైర్లు, బరువైన అల్లాయ్‌లు వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, గతుకుల్లో బండి ఎగురుతుంది. తేలికపాటి కారులో చక్రం బరువు రెండు కిలోలు పెరిగినా తేడా తెలుస్తుంది.

తర్వాత బ్రేకులు. మంచి ప్యాడ్లు, కొత్త పైపులు చాలు. ఆ తర్వాత సీటు, సీటు బెల్టు బిగింపు. బెల్టు బోల్టు ఫైబర్ గ్లాస్‌కు కాకుండా ఇనుప ఫ్రేముకే దిగిందో లేదో చూడండి. ఆ తర్వాత సస్పెన్షన్ సెట్టింగ్. సైలెన్సర్ తీసేసి సౌండ్ పెంచే ఆలోచన వద్దు. శబ్ద, వాయు కాలుష్య నిబంధనలు దాటితే సెక్షన్ 190 కింద మొదటిసారికే రూ.10 వేల వరకు ఫైన్ ఉంది.

సస్పెన్షన్ సెట్ చేయడానికి ఓ పద్ధతి ఉంది. నాలుగు చక్రాల మీద విడివిడిగా ఎంత బరువు పడుతోందో తూచాలి. దీనికి ఖరీదైన మిషన్లు ఉన్నాయి. 600 కిలోల కారులో ఒక్కో చక్రం మీద పడేది 150 కిలోల చుట్టుపక్కలే. పసుపు బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటా ఆ బరువు మోసేదైతే సరిపోతుంది. ఒకటే కాంటా ఉంటే మిగతా మూడు చక్రాల కింద అంతే ఎత్తు చెక్కలు పెట్టాలి. నేల చదునుగా ఉండాలి. డ్రైవర్ సీట్లో ఆయన బరువుకు సమానంగా బస్తా పెట్టాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ముందు ఎడమ చక్రం బరువుకు వెనక కుడి చక్రం బరువు కలపండి. ఆ మొత్తం కారు బరువులో సగం ఉంటే సెట్టింగ్ బాగున్నట్టే. 600 కిలోల కారులో అది 300 రావాలి. 330 వచ్చిందంటే రెండు మూలల మీద భారం ఎక్కువ పడి, మిగతా రెండు మూలలు తేలిపోతున్నాయి. గట్టిగా బ్రేకు కొడితే తేలిన వైపు ముందు చక్రం ముందే పట్టేసి జారుతుంది. స్ప్రింగ్ ఎత్తు సర్దుకునే వీలున్న షాక్ అబ్జార్బర్లు ఉంటే దీన్ని సరిచేయొచ్చు.

మెయింటెనెన్స్ ఎలా?

మామూలు కారును సర్వీసింగ్‌కు ఇచ్చి మర్చిపోవచ్చు. ఇలాంటి కారును మాత్రం యజమానే చూసుకుంటూ ఉండాలి. ముఖ్యమైనవి ఇవీ..

బోల్టులు: తేలికపాటి ఫ్రేముకు వైబ్రేషన్ ఎక్కువ. కొత్తగా బిగించాక కొన్ని వందల కిలోమీటర్లకు, ఆ తర్వాత క్రమం తప్పకుండా సస్పెన్షన్, స్టీరింగ్, ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు చెక్ చేయాలి. టార్క్ రెంచ్‌తో బిగించి, బోల్టు మీద నుంచి ఫ్రేము దాకా పెయింట్‌తో ఓ గీత గీయండి. గీత పక్కకు జరిగిందంటే బోల్టు వదులైనట్టే.

ఫ్రేము: ఏడాదికోసారి అతుకుల దగ్గర పెయింట్ పగిలిందేమో లైటు వేసి చూడాలి. పెయింట్ మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే కింద పగులు మొదలైందేమో అనుమానించాల్సిందే. అల్యూమినియం రేకుకు ఇనుప ఫ్రేము తగిలే చోట తేమ చేరితే రేకు తెల్లగా పొడిలా రాలుతుంది. వానాకాలం అయ్యాక ఆ చోట్లు తప్పకుండా చూడాలి.

వైరింగ్: మామూలు కారులో బాడీ ఇనుము కాబట్టి అదే ఎర్తింగ్. ఫైబర్ గ్లాస్‌లో కరెంటు పారదు. ప్రతి లైటుకు విడిగా ఎర్త్ వైరు ఉండాలి. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ మినుకుమంటోందంటే ముందు అనుమానించాల్సింది ఎర్త్ కనెక్షన్‌నే. నెలల తరబడి షెడ్డులో ఉండే బండికి ఎలుకల బెడద ఎలాగూ ఉంటుంది.

టైర్లు: ఇవి అరగక ముందే ముసలివైపోతాయి. టైరు పక్కన నాలుగు అంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అరగకపోయినా ఆరేళ్లు దాటితే మార్చడం మంచిది. గాలి కూడా తక్కువే ఉండాలి. మామూలు చిన్న కార్లలో 30 పీఎస్‌ఐ చుట్టుపక్కల పెడితే, కేటర్‌హామ్ లాంటి కార్లకు 18 నుంచి 20 చాలు. పంక్చర్ షాపులో అలవాటు కొద్దీ 35 కొట్టించుకుంటే బ్రేకు వేసినప్పుడు బండి జారుతుంది.

బ్రేక్ ఫ్లూయిడ్: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కిలోమీటర్లతో సంబంధం లేకుండా రెండేళ్లకోసారి మార్చాలి.

పెట్రోల్ పైపులు: ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత కార్లలోని రబ్బరు పైపులు, సీళ్లు దీనికోసం చేసినవి కావు. మెత్తబడి పగిలే ప్రమాదం ఉంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించడం ఈ కార్లలో మొదట పెట్టాల్సిన ఖర్చు. దాంతో పాటు చేతికందే చోట ఓ మంటలార్పే సిలిండర్ ఉండాలి.

వేడి: ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే. చిన్న రేడియేటర్ ఉన్న ఇలాంటి కారు ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. ఫ్యాను, థర్మోస్టాట్ ఎండాకాలానికి ముందే చూసుకోవాలి. ఫైబర్ గ్లాస్ బాడీ ఎండకు రంగు వెలిసి, సన్నని పగుళ్లు వస్తాయి. నీడలో పెట్టడమే దీనికి మందు.

రోడ్డు మీద అసలు ముప్పు ఇదే..

ఈ కార్లు చూడటానికి ఎంత అందంగా ఉన్నా, గుద్దుకుంటే కాపాడే ఏర్పాట్లు చాలా తక్కువ. సెవెన్ తరహా కార్లలో ఎయిర్‌బ్యాగులు ఉండవు, పైకప్పు ఉండదు. డ్రైవర్ తల పక్క బండి చక్రం ఎత్తులో ఉంటుంది.

ఓ లెక్క చూడండి. 500 కిలోల కారు, 10 టన్నుల లారీ.. రెండూ 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని అతుక్కుపోయాయి అనుకుందాం. లారీ వేగంలో వచ్చే మార్పు 5 కిలోమీటర్లే. కారు మాత్రం ఆగి, వెనక్కి నెట్టుకుపోతుంది. దాని వేగంలో మార్పు దాదాపు 95 కిలోమీటర్లు. ఆ క్షణంలో లోపలున్న మనిషి మీద పడే దెబ్బ ఏ స్థాయిలో ఉంటుందో ఊహించుకోవచ్చు.

పసుపు సీజన్‌లో ఆర్మూర్, మెట్‌పల్లి మధ్య ఎన్ని లారీలు తిరుగుతాయో, వెనక లైట్లు లేని ట్రాలీలు రాత్రిపూట ఎలా ఎదురవుతాయో ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. అంత కిందికి ఉన్న కారు లారీ డ్రైవర్‌కు అద్దంలో కనిపించదు. అందుకే రిజిస్ట్రేషన్ ఉన్న కారైనా సరే పగటిపూట, రద్దీ లేని సమయంలో తీయడం మేలు. లైట్లు వేసుకుని నడపాలి. ఊరి మధ్య స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా దాటించాలి.

చివరగా.. పైపు మీద రంపం పెట్టే ముందు ఓ రోజు ఖర్చు పెట్టి నిజామాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి రండి. కొనబోయే బండి ఆర్సీ కాపీ, చేయాలనుకున్న మార్పుల జాబితా చేతిలో ఉంచుకోండి. ఏది కుదురుతుంది, దేనికి ముందస్తు అనుమతి కావాలి అని అడిగి, వాళ్లు ఒప్పుకున్నది కాగితం మీద తీసుకోండి. ఆ తర్వాతే వెల్డింగ్ షాపుకు అడ్వాన్స్ ఇవ్వండి.